మామ డీఎక్స్7 రిపేరు డైరీ: నల్లగొండలో తొమ్మిది వారాలు

యమహా డీఎక్స్7 సింథసైజర్‌ను (కరెంటుతో ధ్వనులు పుట్టించే కీబోర్డు) ఇంట్లోనే విప్పి బాగుచేయాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. నా తప్పుల్లో రెండు ఖరీదైనవి. ఒకటి దశ 2లో ఉంది, ఇంకొకటి దశ 5లో. టైం లేనివాళ్ళు ఆ రెండూ చదువుకుని వెళ్ళిపోవచ్చు.

వాయిద్యం మా మేనమామది. 1990ల్లో ఆయనకు ఆర్కెస్ట్రా పార్టీ ఉండేది. పెళ్ళిళ్ళు, వినాయక మండపాలు, చెరువుగట్టు జాతర దగ్గర స్టేజీలు, అన్నిచోట్లకూ ఇది తిరిగింది. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. చూసినవాళ్ళందరూ దీన్ని క్యాసియో అనేవాళ్ళు, ఆ మాట వింటే ఇప్పటికీ ఆయనకు కోపం. నా పని బోరు మోటార్ల స్టార్టర్లు, ప్యానెళ్ళు రిపేరు చేయడం. సింథసైజర్ విప్పడం ఇదే మొదటిసారి.

దశ 1: సజ్జ మీది నుంచి బల్ల మీదికి (1వ వారం)

దుప్పట్లో చుట్టి 17 ఏళ్ళు సజ్జ మీద పెట్టారు. 14 కిలోల బరువు, ఒక్కరే దించకండి. దించిన వెంటనే ప్లగ్గు పెట్టొద్దు. నేను చేసిన వరుస ఇది:

1. వెనక ఉన్న రేటింగ్ ప్లేటు చదివాను. జపాన్‌లో అమ్మిన పీసులు 100 వోల్టులవి, వాటిని మన 230 మీద పెడితే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. మాది 220–240.
2. స్విచ్ ఆన్ చేసి, ప్లగ్గు రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూశాను: 46. స్విచ్ ఆఫ్‌లో ఓపెన్. అంటే స్విచ్, ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటు లోపలికి వచ్చే వైపు చుట్ట (ప్రైమరీ) మూడూ బతికే ఉన్నాయి.
3. పిన్నుకూ లోపలి ఇనుప చాసిస్‌కూ మధ్య మీటరు పరిధి దాటింది. లీకేజీ లేదు.
4. ఆ తర్వాతే మూత తెరిచాను.

లోపల జాతర దుమ్ము ఒక పొర, ఎలుక పెంటికలు, ఒక మూల కందిరీగ కట్టిన మట్టి గూడు. కీల కింద నుంచి కుట్టుమిషన్ నూనె వాసన. ఎప్పుడో ఒక మెకానిక్ కీలు పలకడం లేదని కాంటాక్టుల మీద నూనె పోశాడట. నూనె దుమ్మును పట్టుకుంది, రెండూ కలిసి నల్లటి జిగురయ్యాయి. డిస్‌ప్లేకు వెళ్ళే పట్టీ వైరు మీద ఎలుక పళ్ళ గుర్తులు. నోట్‌బుక్‌లో "రిబ్బన్, పైతొక్క మాత్రమే పోయింది" అని రాసుకున్నాను. ఆ "మాత్రమే" అన్న మాట చూసి రాశానా, ఊహించి రాశానా అన్నది మూడో దశలో తేలింది.

బ్రష్షు, అర లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొన్నాను. మట్టిగూడు పొడిగా ఉన్నప్పుడే చెక్క పుల్లతో తీయాలి. తడిపితే బురదై బోర్డు మీదికి కారుతుంది.

మొత్తం ఇప్పటిదాకా: రూ.250, 3 గంటలు.

దశ 2: బల్బు చేసిన మోసం (2, 3 వారాలు)

స్టార్టర్ల పనిలో నాకున్న అలవాటు ప్రకారం పాత సామాను ఏదైనా సిరీస్ బోర్డు మీదే మొదట పెడతాను, అంటే కరెంటు ఒక బల్బు గుండా వెళ్ళి సామానుకు చేరే బోర్డు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గుమంటుంది, సామాను బతుకుతుంది. బోర్డుకు 60 వాట్ల బల్బు ఉంది. పెట్టాను. బల్బు మందంగా వెలిగి అలాగే ఉంది. షార్టు లేదు, పొగ లేదు. కాని డిస్‌ప్లేలో పైవరుసంతా నల్లటి గళ్ళు, కింది వరుస ఖాళీ. ఎర్ర అంకెల దీపాలు కూడా వెలగలేదు. కీ నొక్కితే శబ్దం లేదు.

ఈ రకం రెండు వరుసల డిస్‌ప్లేలో ఒక్క వరుస మాత్రమే నల్లగా నిండితే దానికి కరెంటు అందుతోంది గానీ ఆదేశాలు అందడం లేదని అర్థం. అంటే ప్రాసెసర్ లేవడం లేదు, లేదా లేచినా దాని మాట డిస్‌ప్లే దాకా రావడం లేదు.

సప్లై లైన్లు కొలిచాను:

ప్లస్ 15 రావలసిన చోట 11.9
మైనస్ 15 రావలసిన చోట మైనస్ 12.1
ప్లస్ 5 రావలసిన చోట 4.41

మూడూ తక్కువే. పాత సామాను, లైన్లు పడిపోయాయి, కాబట్టి ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. ఆ రాత్రి నాకు ఇది వేదవాక్కులా తోచింది. మర్నాడు పొద్దున బస్సెక్కి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి కెపాసిటర్లు తెచ్చాను. సప్లై బోర్డు ఊడదీసి పెద్దవి నాలుగూ మార్చాను. మార్చేటప్పుడు వేడి ఎక్కువై ఒక రాగి ప్యాడ్ లేచిపోయింది. కింద సన్నని తీగతో జంపర్ వేశాను.

మళ్ళీ సిరీస్ బోర్డు, మళ్ళీ అదే నల్ల వరుస. ఈసారి 5 వోల్టుల లైన్ 4.43.

అప్పుడు తీసిన పాత కెపాసిటర్లను మీటరుతో కొలిచాను. ఆ పని ముందే చేయాల్సింది. ముద్రించిన విలువలో 88 నుంచి 96 శాతం ఉన్నాయి. ఇలాంటివాటికి కొత్తవాటిలోనే 20 శాతం తేడా ఒప్పుకుంటారు. నేను పారేయబోయినవి మంచివే.

మరి వోల్టేజీ ఎక్కడ పోతోంది? ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ దగ్గర ఏసీ కొలిచాను: 171. గోడ సాకెట్లో 231. మిగతా 60 వోల్టులు నా బల్బే తింటోంది. డీఎక్స్7లో ఉన్నది పాత తరహా లీనియర్ సప్లై. లోపలికి తక్కువ వస్తే బయటికీ తక్కువే ఇస్తుంది. ఈ రోజుల చార్జర్లలా సర్దుకుపోదు. మోటారు స్టార్టర్ కాయిల్ బల్బు మీద సరిగ్గా పట్టకపోతే "బల్బు ఉంది కదా" అని రోజూ అనుకునేవాణ్ణే, ఇక్కడ మరిచిపోయాను.

60 తీసి 200 వాట్ల బల్బు పెడితే ప్రైమరీకి 222 వచ్చింది. ఒక గంట అలా ఉంచి, వేడి చూసి, తర్వాత బల్బు పూర్తిగా తీసేశాను. లైన్లు: 15.0, మైనస్ 14.9, 5.02. ఎర్ర అంకెలు వెలిగాయి.

మీరు చేయాల్సిన వరుస:

1. సిరీస్ బల్బు షార్టు ఉందా లేదా చూడటానికే. దాని మీద ఉండగా కొలిచిన డీసీ వోల్టేజీ నమ్మొద్దు.
2. బల్బు వెలుగు తగ్గి స్థిరపడితే పెద్ద బల్బుకు మారండి, లేదా తీసేయండి.
3. ముందు ప్రైమరీ ఏసీ, తర్వాత డీసీ లైన్లు కొలవండి.
4. కెపాసిటర్ కొనేముందు పాతది ఒక్కటి తీసి కొలవండి.

మొత్తం: రూ.750, 14 గంటలు. ఇందులో కెపాసిటర్లు 180, బస్సు ఛార్జీ 320. ఈ 500 పూర్తిగా దండుగ. కొత్తవి తీసి పాతవి మళ్ళీ వేయలేదు, ఇంకో ప్యాడ్ లేస్తుందని భయం.

దశ 3: ఎలుక కొరికిన పట్టీ (3వ వారం చివర)

ఎర్ర అంకెలు వెలిగినా డిస్‌ప్లేలో నల్ల వరుస అలాగే ఉంది. అంటే ప్రాసెసర్ లేచింది, దాని మాట డిస్‌ప్లే దాకా పోవడం లేదు. అనుమానం నేరుగా ఆ "పైతొక్క మాత్రమే పోయిన" పట్టీ మీదికి పోయింది.

పవర్ తీసి, ఒక్కో తీగ రెండు కొసలూ పట్టుకుని బజర్ పెట్టి చూశాను. రెండు తీగలు పూర్తిగా తెగి ఉన్నాయి. ఒకటి పట్టీని వంచితే మోగుతోంది, వదిలితే ఆగిపోతోంది. ఈ మూడోదే ప్రమాదకరం. కదలకుండా చూస్తే అది మంచిదే అని రాసుకుంటాం. కాబట్టి పట్టీ వైరును చూసేటప్పుడు వేళ్ళతో నెమ్మదిగా వంచుతూ చూడండి.

పాత కంప్యూటర్ పట్టీ వైరు ముక్క 60 రూపాయలకు దొరికింది. పట్టీ మొత్తం మార్చకుండా, పాడైన మూడు తీగలకే పక్కనుంచి అతుకు వేశాను. మొదటిసారి ఒక తీగ పక్క పాయింటుకు వేశాను. పట్టీని తిప్పి పట్టుకుని లెక్కపెడితే ఎడమ కుడి అవుతుంది మరి. పవర్ ఇచ్చేముందు మళ్ళీ బజర్ పెట్టడం వల్ల బయటపడింది. పాయింట్ల పక్కన పర్మనెంట్ మార్కరుతో చుక్కలు పెట్టుకోండి, లెక్క తప్పదు.

పవర్ ఇచ్చాను. అక్షరాలు వచ్చాయి. చదవగలిగేలా మాత్రం లేవు. లోపల దాచిన 32 ధ్వనుల పేర్ల చోట ఏవో గుర్తులు, సగం జపాను లిపి. ఒక కీ నొక్కితే కాంటాక్టరు గరగరలాడినట్టు శబ్దం. మెమరీ ఖాళీ అయి చెత్తతో నిండిందని అర్థం. కాని డీఏసీ (అంకెలను ధ్వని సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి బయటి జాక్ దాకా దారి బాగుందని ఆ గరగరే చెప్పింది. ధ్వని చిప్పులు పోయి ఉంటే ఇక్కడితో ఆగిపోయేవాణ్ణి. అవి యమహా సొంతంగా చేసుకున్నవి, కోఠిలో దొరికేవి కావు.

మొత్తం: రూ.810, 19 గంటలు.

దశ 4: బ్యాటరీ (4వ వారం)

మెయిన్ బోర్డు మీద సీఆర్2032 బిళ్ళ ఉంటుంది. చేతి గడియారం బిళ్ళలా ఊడిరాదు, రేకులతో బోర్డుకు సోల్డర్ చేసి ఉంటుంది. పవర్ లేనప్పుడు 32 ధ్వనులను మెమరీలో నిలబెట్టేది అదే. మాది 0.9 వోల్టులు చూపింది. 3 ఉండాలి.

ఫంక్షన్ బటన్ నొక్కి 14 నొక్కితే బ్యాటరీ వోల్టేజీ తెర మీద వస్తుంది. మీ వాయిద్యం ఇంకా పనిచేస్తూ ఉంటే ఈరోజే చూసుకోండి. తగ్గుతూ ఉంటే, బ్యాటరీ ముట్టుకునేముందు లోపలి ధ్వనులను మిడి (వాయిద్యాలూ కంప్యూటర్లూ కేబుల్ మీద మాట్లాడుకునే పద్ధతి) ద్వారా కంప్యూటర్‌లోకి తీసి పెట్టుకోండి. బ్యాటరీ ఊడదీస్తే అవి పోతాయి. మాకు తీసి పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

1. నా సోల్డరింగ్ ఐరన్ రెండు పిన్నులది. మొనకూ ఎర్త్‌కూ మధ్య మీటరు 70 వోల్టులు చూపింది. కరెంటు చాలా స్వల్పమే, కాని మెమరీ చిప్పులకు అదీ మంచిది కాదు. ఐరన్ కాగాక ప్లగ్గు తీసి, ఆ వేడితోనే అతుకు విప్పాను.
2. ప్లస్ వైపు ఎటుందో ఫోటో తీసుకున్నాను.
3. రేకులను విప్పి పాత బిళ్ళ తీసేసి, ఆ చోట హోల్డర్ సోల్డర్ చేశాను.
4. అంతా చల్లారాక కొత్త బిళ్ళ పెట్టాను: 3.21.

బిళ్ళకు నేరుగా ఐరన్ ఆనించి తీగ అతకడం కొందరు చేస్తారు. లిథియం బిళ్ళ వేడికి పగలొచ్చు, వద్దు. హోల్డర్ 25 రూపాయలే.

మొత్తం: రూ.885, 21 గంటల 30 నిమిషాలు.

దశ 5: కీలు, బోరు నీళ్ళు (5, 6 వారాలు)

అసలు పని ఇక్కడే ఉంది. డీఎక్స్7లో ప్రతి కీ కింద ఒక సన్నని లోహపు ఆకు ఉంటుంది. కీ పైన ఉన్నప్పుడు అది ఒక కాంటాక్టును తాకుతుంది, పూర్తిగా నొక్కితే ఇంకొకదాన్ని. మొదటిదాన్ని వదిలి రెండోదాన్ని చేరడానికి పట్టిన కాలాన్ని యంత్రం కొలుస్తుంది. తొందరగా చేరితే గట్టిగా కొట్టారని, ఆలస్యమైతే మెల్లగా కొట్టారని లెక్క. కాబట్టి కాంటాక్టు మురికైతే కీ మూగబోవడమే కాదు, శబ్దం ఎక్కువ తక్కువలు కూడా తప్పుతాయి. పై కాంటాక్టు సరిగ్గా తాకకపోతే కీ ఎప్పుడో బయల్దేరిందని యంత్రం పొరబడి, ఎంత గట్టిగా కొట్టినా మెత్తగానే పలుకుతుంది.

61 కీలనూ ఒక్కోటి మూడుసార్లు, మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా కొట్టి రాసుకున్నాను:

బాగున్నవి 43
మూగవి 11
శబ్దం తప్పేవి 7

నూనె జిగురు ఆల్కహాల్‌తో పూర్తిగా పోవడం లేదు. కీలన్నీ విప్పి, కాంటాక్టు బోర్డులను గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్ళతో మెత్తటి బ్రష్షు పెట్టి కడిగాను. ఇంతవరకు తప్పు లేదు. జిగురంతా వదిలింది. తర్వాత ఇంటి వెనక బోరు నీళ్ళతో జాలించి, మేడ మీద ఎండలో ఆరబెట్టాను. ఏప్రిల్ ఎండ, గంటలో కరకరా ఆరిపోయాయి.

బిగించి కొట్టి చూస్తే మూగవి 29.

భూతద్దం పెట్టి చూశాను. ఆకుల మీద తెల్లటి చుక్కలు. మా గీజర్ రాడ్ మీద పట్టే తెల్లటి పొట్టు అదే. నల్లగొండ వాణ్ణి కదా, మొదట ఫ్లోరైడును తిట్టాను. నీళ్ళలోంచి ఫ్లోరైడు తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అని మా ఊరి పేరే ఉంది మరి. కాని ఈ తెల్లటిది ఎక్కువగా కాల్షియం, నీటి కఠినత్వం. ఫ్లోరైడు ఉన్నా అది లీటరుకు మిల్లీగ్రాముల్లో, ఇంత పొట్టు కట్టేంత ఉండదు. ఆర్వో ఫిల్టర్ల పనిచేసే మిత్రుడి దగ్గర, నీళ్ళలో ఎంత కరిగి ఉందో చెప్పే టీడీఎస్ మీటరు తెచ్చి చూశాను (అంకెలు పీపీఎంలో):

బోరు నీళ్ళు 1,150
నల్లా నీళ్ళు 260
బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ 3

నీరు ఆవిరైపోతుంది, అందులో కరిగినది అక్కడే ఉండిపోతుంది. ఎండ ఎంత ఎక్కువైతే అంత తొందరగా గట్టిపడుతుంది.

మళ్ళీ విప్పాను. రెండో విడత, ఇదే నకలు చేయాల్సింది:

1. సోపు నీళ్ళకు కూడా డిస్టిల్డ్ వాటరే వాడండి. 5 లీటర్ల క్యాన్ బ్యాటరీ షాపులో 110.
2. తెల్లటి చుక్కలుంటే ఒక వంతు వెనిగర్, పది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి కాటన్ బడ్‌తో అద్దండి. రెండు నిమిషాలు మించొద్దు. పులుపు లోహాన్ని కూడా తింటుంది.
3. డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు జాలించండి.
4. ఆల్కహాల్‌తో ఒకసారి తుడవండి. నీటి తడిని అదే లాక్కుపోతుంది.
5. నీడలో, ఫ్యాను కింద ఒక రాత్రి.

బిగించాక: బాగున్నవి 55, మూగవి 2, తప్పేవి 4.

మిగిలిన ఆరింటికి డ్రాయింగ్ షీటును సన్నని పట్టీలుగా కోసి, ఆల్కహాల్‌లో ముంచి, ఆకుకూ కాంటాక్టుకూ మధ్య పెట్టి మెల్లగా నాలుగుసార్లు లాగాను. కాగితం మీద నల్లటి గీత వచ్చేదాకా. అయిదు బాగయ్యాయి. ఆరోది కింద నుంచి రెండో ఆక్టేవ్‌లోని ఒక నల్ల కీ. దాని ఆకు మీద గీతలు గీతలుగా ఉంది. పాత మెకానిక్ గరుకు కాగితంతో రుద్దినట్టున్నాడు, పైపూత పోయింది. ఇప్పటికీ పదిసార్లలో ఒకసారి మెత్తగా పలుకుతుంది. గరుకు కాగితం, బ్లేడు ఈ ఆకుల జోలికి పోకూడదు.

డేటా స్లైడర్ కూడా గరగరలాడుతుంటే అందులోకి ఆల్కహాల్ చుక్కలు వేసి ముప్పై నలభైసార్లు పైకీ కిందికీ జరిపాను. ఇప్పుడు అంకెలు గెంతకుండా కదులుతున్నాయి.

మొత్తం: రూ.1,255, 35 గంటల 30 నిమిషాలు. వెనిగర్, రెండో ఆల్కహాల్ సీసా కలిపి.

దశ 6: పోయిన ధ్వనులు తిరిగి ఎక్కించడం (7వ వారం)

డీఎక్స్7 1983లో వచ్చింది, మిడి కూడా అప్పుడే. అందుకే ఈనాటి ల్యాప్‌టాప్‌తో కూడా ఇది మాట్లాడగలదు. ఫ్యాక్టరీ ధ్వనులు 32 ఒకే ఫైలుగా పంపొచ్చు. ఆ ఫైలు సరిగ్గా 4,104 బైట్లు ఉండాలి. మొదటి బైటు 240, చివరిది 247. మధ్యలో 32 ధ్వనులు, ఒక్కోటి 128 బైట్లు, అంటే 4,096. మిగిలిన ఎనిమిదీ తలా తోకా, లెక్క సరిచూసే ఒక బైటు. పంపేముందు ఫైలు సైజు చూడండి, సగం తలనొప్పి పోతుంది.

వాయిద్యం వైపు:

1. ఇంటర్నల్ మెమరీ ప్రొటెక్ట్ నొక్కి, "నో" నొక్కి ఆఫ్ చేయాలి. పవర్ ఆపి వేసిన ప్రతిసారీ ఇది మళ్ళీ చూసుకోండి.
2. ఫంక్షన్, తర్వాత 8. దాన్నే మళ్ళీ మళ్ళీ నొక్కితే సిస్ ఇన్ఫో వస్తుంది. "అనవైల్" అని ఉంటే "యెస్" నొక్కి "అవైల్" చేయాలి.
3. అప్పుడు పంపాలి.

ఆన్‌లైన్‌లో 480 పెట్టి కొన్న యూఎస్‌బీ మిడి కేబుల్‌తో పదిసార్లు పంపితే ఒక్కసారీ సరిగ్గా ఎక్కలేదు. నోట్లు మాత్రం బాగానే పంపుతుంది. చవక కేబుళ్ళలో తాత్కాలిక మెమరీ తక్కువ, నోటుకు మూడు బైట్లు చాలు గానీ ఒకేసారి నాలుగు వేల బైట్లు వస్తే మధ్యలో కొన్ని జారవిడుస్తాయి. ఒక్క బైటు పోయినా వాయిద్యం ఒప్పుకోదు.

సొంతంగా కట్టాను. కావాల్సినవి: ఎఫ్‌టీ232 యూఎస్‌బీ సీరియల్ బోర్డు (290), 220 ఓంల రెసిస్టర్లు రెండు, అయిదు పిన్నుల డిన్ ప్లగ్గు. ఈ ప్లగ్గు మామ ట్రంకులోని పాత టేప్‌రికార్డర్ వైరుకు దొరికింది.

బోర్డు 5 వోల్టుల నుంచి ఒక 220 ఓం ద్వారా పిన్ 4కు.
బోర్డు టీఎక్స్ (డేటా బయటికి పంపే పాయింటు) నుంచి ఇంకో 220 ఓం ద్వారా పిన్ 5కు.
గ్రౌండ్ పిన్ 2కు.
బోర్డు మీది జంపర్ 5 వోల్టుల వైపు.

డిన్ ప్లగ్గులో పిన్నుల వరుస 1, 2, 3, 4, 5 కాదు. అంచు నుంచి అంచుకు 1, 4, 2, 5, 3. నేను మొదట 4, 5 తారుమారు చేశాను. ఏమీ కాలలేదు, మిడి ఇన్‌లో తిరగేసి కలిపినా తట్టుకునే డయోడు ఉంటుంది. శబ్దం మాత్రం రాలేదు.

వేగం సెకనుకు 31,250 బిట్లు పెట్టాలి. ఎఫ్‌టీ232 చిప్పు లోపలి క్లాక్ నుంచి ఈ వేగం శేషం లేకుండా వస్తుంది, అందుకే ఇదే బోర్డు తీసుకున్నాను. నాలుగు లైన్ల పైథాన్ కోడ్: పోర్టు తెరువు, ఫైలు చదువు, రాయి, మూసెయ్. సెకనున్నరలోపే అయిపోయింది. తెర మీద "మిడి రిసీవ్డ్" వచ్చింది.

11 నొక్కాను. ఈ.పియానో 1. మామ కింద అరుగు మీద పేపర్ చదువుకుంటున్నాడు, మెట్లెక్కి పైకి వచ్చేశాడు. గంట సేపు నాకు స్టూలు దొరకలేదు.

మొత్తం: రూ.2,031, 41 గంటల 30 నిమిషాలు.

దశ 7: హమ్ము (8వ వారం)

యాంప్లిఫయర్‌కు కలిపితే 50 సైకిళ్ళ గుయ్యిమనే హోరు. యాంప్లిఫయర్ బాడీ మీద చెయ్యి పెడితే జిల్లుమంటోంది. వాయిద్యాన్ని అనుమానించకుండా ఈసారి ముందు సాకెట్ కొలిచాను, దశ 2 గుర్తుంది కాబట్టి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 9 వోల్టులు. ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోయింది. బొగ్గు, ఉప్పు వేసి నాలుగు బిందెల నీళ్ళు పోశాక 1.4కి దిగింది. హోరు దాదాపు పోయింది. ఇక్కడ బోరు నీళ్ళు పనికొచ్చాయి.

మొత్తం: రూ.2,171, 44 గంటలు.

దశ 8: నోట్‌బుక్‌లోని షెహనాయి (9వ వారం)

ఫ్యాక్టరీ ధ్వనులు వచ్చాయి గానీ మామ అడిగింది వేరు. "అల్లుడా, గివన్నీ మంచిగనే ఉన్నయి. నా షెహనాయి ఏది?"

పెళ్ళి ఊరేగింపుల కోసం ఆయన సొంతంగా చేసుకున్న ధ్వని అది, బ్యాటరీతోపాటే పోయింది. చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెబితే లోపలికి వెళ్ళి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చాడు. ప్రతి ధ్వనికీ ఒక పేజీ, గడులు గీసి నింపిన అంకెలు. "స్టేజి మీద బ్యాటరీని నమ్ముకుంటమా?" అన్నాడు.

ఒక ధ్వనికి 145 విలువలు, పేరుకు పది అక్షరాలు. ఆరు ఆపరేటర్లకు ఒక్కోదానికి 21 చొప్పున 126, మిగిలిన 19 మొత్తానికి కలిపి ఉండేవి. ఆపరేటర్ అంటే ఒక అలను పుట్టించేది. ఒకదాని అల ఇంకొకదాని పౌనఃపున్యాన్ని కదిలిస్తే కొత్త స్వరాలు పుడతాయి. ఈ పద్ధతిని 1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనుగొన్నాడు, యమహా లైసెన్సు తీసుకుని వాయిద్యంగా చేసింది. ఏ ఆపరేటర్ దేన్ని కదిలించాలో చెప్పే అల్గారిథమ్‌లు 32. మామ పేజీ మీద దాని నంబరుకు చుట్టూ గీత గీసి ఉంది.

ఎక్కించిన పద్ధతి: ఒకరు చదవాలి, ఒకరు స్లైడర్ జరిపి, యెస్ నో బటన్లతో ఒక్కో అంకె సరిచేయాలి. ఒక్కరే చేస్తే గడి తప్పుతుంది. 90వ విలువ దగ్గర నా మోచెయ్యి తగిలి ఇంకో ధ్వని నంబరు నొక్కుకుంది. చేసినదంతా తెర మీది నుంచి మాయం. టెన్షన్‌లో ఇంకేదీ ముట్టుకోకండి. ఫంక్షన్‌లో ఎడిట్ రీకాల్ ఉంది, చివరిగా మారుస్తున్న ధ్వనిని తిరిగి తెస్తుంది. తెచ్చింది కూడా. అప్పటి నుంచి ప్రతి ఆపరేటర్ అయ్యాక స్టోర్ చేస్తూ పోయాం.

144 విలువలు చదవగలిగాం. ఒక్కటి, నాలుగో ఆపరేటర్ అవుట్‌పుట్ లెవెల్, టీ మరక కింద పోయింది. మొదటి అంకె 8 అని తెలుస్తోంది, రెండోది లేదు. అంటే 80 నుంచి 89 దాకా పది. ఈ ఆపరేటర్ వినపడేది కాదు, ఇంకొకదాన్ని కదిలించేది. లెవెల్ పెరిగేకొద్దీ స్వరం పదునెక్కుతుంది.

80 పెట్టి వాయించమన్నాను. "ఇది క్లారినెట్టురా." 84. "ముక్కుల నుంచి రావాలె, ఇంక రాలే." 88. చెవి మూసుకున్నాడు. 86 దగ్గర ఏమీ అనలేదు. ఒక ముక్క మొదలుపెట్టి ఆపకుండా వాయించాడు, ఆ నల్ల కీ రెండుసార్లు మెత్తగా పలికింది, పట్టించుకోలేదు. అయ్యాక నోట్‌బుక్ దగ్గరికి లాక్కుని, మరక పక్కన పెన్నుతో 6 రాశాడు.

మొత్తం: రూ.2,171, 52 గంటలు. మిగిలిన పని: ఆ నల్ల కీ ఆకు, దానికి పాత పీసు నుంచి తీసిన కాంటాక్టు బోర్డు దొరికితే మార్చాలి. నోట్‌బుక్‌లో ఇంకా పదకొండు పేజీలున్నాయి.